బాంబుల నీడలో పియానో: మైరా హెస్ జీవితం

1939 సెప్టెంబరు మాసం నాటికి లండను నగరంలోని జాతీయ చిత్రశాల గోడలు బోసిపోయినవి. ట్రఫాల్గర్ చౌకులో, ఎత్తయిన మెట్లమీద, స్తంభాల వరుసతో నిలిచిన ఆ భవనం లియొనార్డో, టిషియన్, రెంబ్రాంట్ వంటి మహాచిత్రకారుల రచనలకు నిలయం. యుద్ధం తప్పదని తేలిన ఆగస్టు చివరి దినాలలో, పదిరోజుల వ్యవధిలో, ఆ చిత్రాలన్నిటినీ పెట్టెలకెత్తి వేల్సు ప్రాంతానికి తరలించారు. చివరి విడత కదిలింది సెప్టెంబరు 2వ తేదీన. మరునాడు బ్రిటన్ జర్మనీమీద యుద్ధం ప్రకటించింది.

చిత్రాలతోపాటు సంగీతమూ నగరాన్ని విడిచిపోయింది. విమానదాడి జరిగితే ఒక్కచోట గుమిగూడిన జనం ఒక్కసారే ప్రాణాలు కోల్పోతారన్న భయంతో ప్రభుత్వం నాటకశాలలనూ, సినిమాహాళ్ళనూ, కచేరీ మందిరాలనూ మూసివేయించింది. వీధిదీపాలు ఆరిపోయినవి. కిటికీలకు నల్లగుడ్డలు దిగినవి. పసిపిల్లలకు పేరుచీట్లు కట్టి రైళ్ళలో పల్లెలకు పంపివేశారు. రేడియోవారు గ్రామఫోను రికార్డులతో కాలక్షేపం చేస్తున్నారు. సినిమాహాళ్ళు కొద్దివారాలలోనే తిరిగి తెరుచుకొన్నవి గాని, మంచి వాద్యకచేరి వినాలన్న కోరిక గలవారికి అంత మహానగరంలోనూ దారి లేకపోయింది. వాద్యకారులు పనులు లేక ఇళ్ళలో కూర్చున్నారు.

ఇట్టి సమయంలో ఒక నలభైతొమ్మిదేళ్ళ స్త్రీ ఆ బోసి చిత్రశాలను అడిగి తీసుకొని, ఆరున్నర సంవత్సరాలపాటు, వారానికి అయిదు దినాలు, మధ్యాహ్నం ఒంటిగంటకు కచేరి జరిపించింది. ఆమె పేరు మైరా హెస్. పియానో వాద్యంలో ఆనాటి ప్రపంచానికి పరిచితమైన పేరు. ఆ కచేరీలలో ఎక్కువగా వినిపించినది ఎవరి సంగీతమో తెలిస్తే పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. అది శత్రుదేశమైన జర్మనీ సంగీతం.

మైరా హెస్ 1890 ఫిబ్రవరి 25వ తేదీన ఉత్తర లండనులో ఒక యూదు కుటుంబంలో జన్మించింది. నలుగురు సంతానంలో చివరిది. తండ్రి బట్టల వ్యాపారి. అయిదవయేట పియానో ముందు కూర్చున్నది. గిల్డ్‌హాల్ సంగీత పాఠశాలలో కొంతకాలం అభ్యసించిన పిదప, విద్యార్థివేతనం పొంది రాయల్ అకాడమీలో చేరి, టోబయాస్ మాథే అనే ఆచార్యుని శిష్యురాలైంది. ఆ గురువు పద్ధతి వేళ్ళ వేగం కంటె నాదం మీద దృష్టి నిలుపుతుంది. మీటను తాకినప్పుడు చేతి బరువు ఎంత, బిగువు ఎంత, వదులు ఎంత అన్నదానినిబట్టి స్వరం పలికే తీరు మారుతుందని ఆయన బోధించేవాడు. హెస్ వాద్యంలో చివరిదాకా కనిపించిన సౌమ్యత, గంభీరత ఆ శిక్షణ ఫలితమే.

1907 నవంబరు 14న, పదిహేడేళ్ళ వయస్సులో, లండనులోని క్వీన్స్ హాలులో ఆమె పెద్ద సభ ఎదుట తొలిసారి వాయించింది. వాద్యబృందానికి నాయకుడు థామస్ బీచమ్. వాయించినది బీథోవెన్ రచించిన నాలుగవ కన్‌చెర్టో. పియానోకూ వాద్యబృందానికీ కలిపి రచించిన కృతిని పాశ్చాత్యులు కన్‌చెర్టో అంటారు. సభవారు మెచ్చుకొన్నారు గాని ఆ మెప్పు అన్నం పెట్టలేదు. అటుపిమ్మట చాలా సంవత్సరాలు ఆమె ఇంటింట పిల్లలకు పాఠాలు చెప్పుకొనే బ్రతికింది. ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవారికి ఈ ఘట్టాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. 1922 జనవరిలో న్యూయార్కులో ఆమె తొలి కచేరికి వచ్చినవారు బహుస్వల్పం. అయితే మరునాటి పత్రికలు వ్రాసిన ప్రశంసలతో అమెరికా ఆమెది అయింది. తరువాత దాదాపు ప్రతి శీతకాలమూ అక్కడ పర్యటన ఉండేది. హాలండు దేశస్థులు కూడా ఆమెను తమ సొంతమనిషిగా భావించారు.

ఆమె పేరు సామాన్య గృహాలకు చేరడానికి మరొక కారణం ఉన్నది. 18వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్, 1723లో లైప్సిగ్ నగరంలోని చర్చి ఆరాధనకోసం కూర్చిన ఒక సుదీర్ఘ గానకృతిలోని బృందగీతాన్ని హెస్ ఒంటరి పియానోకు అనువుగా మలచి, 1926లో అచ్చువేయించింది. సంగీతం నేర్చుకొనే పిల్లలున్న ప్రతి ఇంటా ఆ కాగితాలు చేరినవి. ఎక్కడ వాయించినా చివరకు శ్రోతలు ఆ కృతినే కోరేవారు. జర్మనీకి చెందిన క్రైస్తవ భక్తుని గీతం ఇంగ్లండులోని యూదు స్త్రీ చేతులమీదుగా ఇంటింటికీ నడచింది. అప్పటికి ఇందులో విశేషమేమీ ఎవరికీ తోచలేదు. పదమూడేళ్ళ పిదపనే అది విశేషమైంది.

1939 శరత్కాలంలో ఆమెకు అమెరికా పర్యటన సిద్ధంగా ఉన్నది. వెళ్ళి ఉంటే యుద్ధమంతా క్షేమంగా, సంపన్నంగా గడిచిపోయేది. అట్లా సముద్రం దాటినవారు లేకపోలేదు. వారిని తప్పుపట్టే హక్కు ఒడ్డున ఉన్న మనకు లేదు. ఆమె మాత్రం ఒప్పందాలను రద్దు చేసుకొన్నది. కచేరీలు లేని లండనులో సంగీతం తెలిసిన మనిషి చేయవలసిన పని ఏమిటని ఆలోచించింది. ఖాళీగా ఉన్న చిత్రశాల గుర్తుకు వచ్చింది. దానికి అధ్యక్షుడు కెన్నెత్ క్లార్కు, ముప్ఫయి ఆరేళ్ళ యువకుడు, చిత్రకళా చరిత్రలో పండితుడు. చిత్రాలు లేని శాలకు కావలి కాస్తూ దిగులుతో ఉన్నాడు. అప్పుడప్పుడు ఒక కచేరీ పెట్టుకోనిస్తారా అని ఆమె అడిగితే, అప్పుడప్పుడు ఎందుకు, ప్రతిదినమూ పెట్టండని అతడు సమాధానమిచ్చాడు. ఈ ఒక్క మాటతో క్లార్కు కూడా ఈ కథలో సగం పాలు సంపాదించుకొన్నాడని నా అభిప్రాయం.

ప్రభుత్వశాఖల అనుమతి దొరికింది గాని, ఒకేసారి రెండువందల మందిని మించి లోనికి రానివ్వరాదన్న షరతుమీద దొరికింది. ప్రవేశరుసుము ఒక షిల్లింగు అని నిర్ణయించారు. గుమాస్తాలూ, టైపు చేసే అమ్మాయిలూ, సిపాయిలూ ఇవ్వగలిగిన మొత్తం అది. ముందుగా సీట్లు కేటాయించడం లేదు. ప్రభువుకూ బంట్రోతుకూ ఒకే షిల్లింగు. భోజనవిరామంలో వచ్చి, విని, తిరిగి పనికి పోవాలి గనుక వేళ ఒంటిగంటగా నిర్ణయమైంది. రాత్రిళ్ళు నగరమంతా అంధకారం. ఎవరూ బయటికి కదలలేరు. ఈ వేళ నిర్ణయంలో ఉన్న ఇంగితజ్ఞానమే ఆ ప్రయత్నాన్ని నిలబెట్టిందని చెప్పాలి.

మొదటి కచేరి 1939 అక్టోబరు 10వ తేదీన. మరొక కళాకారుని బలిచేయడం ఇష్టంలేక, జనం రాకపోతే ఆ అవమానం తనకే దక్కనిమ్మని, హెస్ తానే వాయించడానికి సిద్ధపడింది. ఏ కొద్దిమందో మిత్రులు వస్తారని అనుకొన్నది. చిత్రశాల తలుపులు తెరిచేసరికి వరుస మెట్లు దిగి చౌకు చుట్టూ తిరిగి ఉన్నది. రెండువందల షరతు ఆ క్షణంలోనే గాలికి పోయింది. దాదాపు వేయిమంది లోపల కిక్కిరిశారు. కుర్చీలు చాలక నేలమీద కూర్చున్నారు. చోటులేక తిరిగిపోయినవారు ఇంకా ఎందరో. ఆమె ఆనాడు వాయించినవారిలో ఇటలీవాడైన స్కార్లాటీని మినహాయిస్తే, బాఖ్, బీథోవెన్, షూబర్ట్, బ్రామ్స్, అందరూ జర్మన్ భాషీయులే. చివరకు తన చేతులమీదుగా ప్రసిద్ధమైన ఆ బాఖ్ గీతం. బీథోవెన్ సొనాటా మొదలైనప్పుడు సభలో సగంమంది కళ్ళు చెమ్మగిల్లినవని, తన కళ్ళు కూడా అని, క్లార్కు తరువాతికాలంలో వ్రాసుకొన్నాడు.

ఇక్కడ కొంత ఆగి, ఇందులోని ధైర్యం ఎట్టిదో ఆలోచించవలసి ఉన్నది. వెనుకటి ప్రపంచయుద్ధం నాటి జ్ఞాపకం అప్పటికి పాతికేళ్ళది మాత్రమే. 1914 ఆగస్టులో లండనులో వేసవి కచేరీల నిర్వాహకులు జర్మన్ స్వరకర్త వాగ్నర్ పేరు చూచి భయపడి ఒకనాటి కార్యక్రమాన్ని మార్చివేశారు. 1917లో అమెరికా యుద్ధంలో దిగగానే న్యూయార్కులోని మెట్రొపాలిటన్ సంగీతనాటకశాలలో జర్మన్ నాటకాలు ఆగిపోయినవి. బోస్టను వాద్యబృంద నాయకుడైన కార్ల్ మూక్‌ను 1918లో నిర్బంధంలో పెట్టారు. యుద్ధం వచ్చినప్పుడు ముందుగా తుపాకి దెబ్బ తినేది పాటే అన్నట్లు సాగింది వ్యవహారం.

ఈ పర్యాయం జర్మనీలో జరుగుతున్నది మరింత ఘోరం. 1933లో హిట్లరు అధికారానికి వచ్చినప్పటినుంచి యూదు వాద్యకారులను సభలనుంచి వెళ్ళగొట్టారు. వారు వాయించుకొనడానికి యూదులకోసం యూదులే నడపవలసిన ప్రత్యేక సంఘాన్ని మాత్రం అనుమతించారు. ఆ సంఘంలోనైనా ఏది పడితే అది వాయించరాదు. 1937నుంచి బీథోవెన్, 1938నుంచి మోజార్ట్ వారికి నిషిద్ధులు. లైప్సిగ్ నగరంలో మెండెల్సన్ అనే స్వరకర్త విగ్రహాన్ని, అతని పుట్టుక యూదు వంశంలో గనుక, 1936లో పెకలించివేశారు. మైరా హెస్ ఏ బెర్లినులోనో పుట్టి ఉంటే బీథోవెన్‌ను తోటి యూదులకు కూడా వినిపించే హక్కు ఆమెకు ఉండేది కాదు. ఆ బీథోవెన్‌నే ఆమె లండను నడిబొడ్డున, జర్మన్ విమానాలకోసం జనం ఆకాశంకేసి చూస్తున్న దినాలలో, ప్రతివారమూ వినిపించింది.

మన సంగీతానికి అలవాటుపడినవారికి ఒక సంగతి చెప్పడం అవసరం. మన గాయకుడు త్యాగరాజ కృతిని ఎత్తుకొన్నా, ఆలాపనలోనూ నెరవులోనూ స్వరకల్పనలోనూ తన మనోధర్మాన్ని ప్రకటిస్తాడు. సభలో సగం సంగీతం అతనిది. పాశ్చాత్య వాద్యకారుని సంగతి వేరు. కాగితంమీద వ్రాసిన స్వరాన్ని వ్రాసినట్లే పలికించాలి. స్వరకర్త ఎవరన్నది ఆ కారణంచేత అక్కడ మరింత ముఖ్యమైన ప్రశ్న అవుతుంది. శత్రువు వ్రాసిన కాగితాన్ని మన చేతులతో పలికించడమా అని అడిగేవాడు ఎక్కడైనా ఉంటాడు. హెస్ ఆ ప్రశ్నకు ఉపన్యాసంతో సమాధానం చెప్పలేదు. కార్యక్రమ పత్రికలో బాఖ్ పేరు, బీథోవెన్ పేరు యథాప్రకారం అచ్చువేయించింది.

ఎలెనా గెర్హార్ట్ అనే గాయని విషయం ఇందుకు మంచి ఉదాహరణ. ఆమె లైప్సిగ్ ప్రాంతంలో పుట్టి, జర్మన్ గీతాలు పాడడంలో ప్రపంచఖ్యాతి గడించి, నాజీల బాధ పడలేక 1930లలో భర్తతో లండను చేరిన స్త్రీ. కచేరీలు మొదలైన కొద్దిదినాలకే హెస్ ఆమెను పాడమన్నది. యుద్ధసమయంలో లండను ప్రజల ఎదుట జర్మన్ భాషలో పాడడమంటే గెర్హార్టుకు గుండె దడదడలాడింది. సభవారు లేచి హేళన చేస్తారేమో అనుకొన్నది. ఆమె వేదికమీదికి రాగానే జరిగింది వేరు: ఆగని కరతాళధ్వనులతో ఆమెను ఆహ్వానించారు. అటుపిమ్మట ఆమె అక్కడ అనేక పర్యాయాలు పాడింది.

ప్రభుత్వమూ ఇదే ఔదార్యం చూపిందని పాఠకులు భ్రమపడరాదు. 1940 వేసవిలో ఫ్రాన్సు కూలిపోయాక, బ్రిటిషు ప్రభుత్వం తన దేశంలో తలదాచుకొన్న జర్మన్, ఆస్ట్రియన్ శరణార్థులను వేలకొద్దీ నిర్బంధ శిబిరాలకు పంపింది. వారిలో అత్యధికులు హిట్లరు బారినుంచి పారిపోయి వచ్చిన యూదులే. వాద్యకారులూ అనేకులు. వాన్ విలియమ్స్ అనే ప్రసిద్ధ స్వరకర్త ఒక సంఘానికి పెద్దగా ఉండి వారిని విడిపించడానికి పాటుపడవలసి వచ్చింది. చిత్రశాలలో బీథోవెన్‌కు స్వాగతం, వీధిలో బీథోవెన్ భాష మాట్లాడే బీదవానికి సంకెళ్ళు. రెండూ ఆ ఒక్క వేసవిలోనే.

సెప్టెంబరు 7న ఆ భయపడుతూ వచ్చిన దినం రానే వచ్చింది. ఆనాటినుంచి 57 రాత్రులు వరుసగా లండనుమీద బాంబులు కురిశాయి. చిత్రశాలలో కచేరీ జరిగే గది పైకప్పు అద్దాలది. ఒక్క ముక్క రాలినా శ్రోతల తలలు మిగలవు. కచేరీని నేలమాళిగలోకి దింపారు. చలికాలంలో అక్కడ శ్రోతలు కోట్లు విప్పకుండా కూర్చొనేవారు. చలికి వేళ్ళు కొంకర్లు పోతూ ఉంటే వాయించడమెంత కష్టమో వీణ పట్టినవారికి తెలుసు. అయినా కచేరీ ఆగలేదు. అక్టోబరులో చిత్రశాలమీదనే బాంబు పడి, రఫేల్ చిత్రాలు ఉండే గది నేలమట్టమైంది. పేలని బాంబు ఒకటి కనిపించినందున ఒకనాడు కచేరీని చౌకుకు పక్కనున్న సౌతాఫ్రికా హౌసుకు మార్చవలసి వచ్చింది. మరొకనాడు భవనంలో దూరపు గదిలో బీథోవెన్ రచన ఒకదానిని నలుగురు తంత్రీవాద్యకారులు వాయిస్తూ ఉండగా, కాలం పెట్టిన బాంబు భవనంలో వేరొక చోట పేలింది. నలుగురిలో ఒక్కరి కమానూ తడబడలేదంటారు.

మన ప్రాంతాలు కూడా ఈ భయానికి పూర్తిగా దూరం కావు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణంమీదా, కాకినాడమీదా జపాను విమానాలు బాంబులు వేసినవి. కోస్తా పట్టణాలు ఖాళీ అయినవి. అయితే ఒక భేదం మరువరానిది. 1939లో భారతదేశాన్ని ఈ యుద్ధంలోకి దింపినప్పుడు వైస్రాయి ఇక్కడి ప్రజలను గాని, నాయకులను గాని ఒక్క మాట అడగలేదు. లండనులో ఆ కచేరీలు నిండుగా సాగుతున్న 1942 ఆగస్టులోనే గాంధీజీ మొదలుకొని మన నాయకులందరూ కారాగారాలలో ఉన్నారు. మైరా హెస్ గొప్పతనాన్ని చెప్పుకొనేటప్పుడు ఆమె ప్రభుత్వాన్ని పొగడనవసరం లేదు. రెండింటినీ వేరుచేసి చూచే తెలివి జర్మనీ విషయంలో ఆమె చూపినదే.

కచేరీల నిర్వహణ అంటే వేదికమీద కూర్చొనడం మాత్రమే కాదు. వారానికి అయిదుగురు కళాకారులను గాని, బృందాలను గాని సమకూర్చాలి. సైన్యంలోకి పోయినవారి స్థానాలు నింపాలి. ఆలస్యమైన రైళ్ళు, కాలిపోయిన ఇళ్ళు, పోయిన వాద్యాలు, ఇవన్నీ దినదినం ఎదురయ్యేవి. హోవర్డ్ ఫెర్గూసన్ అనే యువస్వరకర్త కార్యక్రమాల కూర్పులో ఆమెకు కుడిభుజంగా నిలిచాడు. ప్రఖ్యాతుడైనా, నిన్నటి విద్యార్థి అయినా ఒక కళాకారునికి ఇచ్చే వేతనం ఒక్కటే, అయిదు గినీలు. దాదాపు నూటయాభై కచేరీలలో వాయించిన హెస్ మాత్రం తనకంటూ ఏమీ తీసుకోలేదు. మిగులు సొమ్ము కష్టదశలో ఉన్న వాద్యకారుల సహాయనిధికి చేరేది. ప్రక్కనే స్త్రీలు స్వచ్ఛందంగా నడిపిన క్యాంటీను ఉండేది. రేషను దినాలలో అక్కడ తేనె, ఎండుద్రాక్ష పెట్టి ఇచ్చే రొట్టెముక్కలకు సంగీతంతో సమానమైన కీర్తి వచ్చింది! అన్నమూ నాదమూ ఒక్కచోట దొరకడం ఆ జనానికి ఎంత ఊరటో ఊహించుకోవచ్చు.

ఎప్పుడూ గంభీరంగానే ఉండేవారని అనుకోవద్దు. 1940 సంవత్సరాదినాడు హైడ్న్ పేరిట ప్రచారంలో ఉన్న ఆటబొమ్మల సింఫనీని పేరుమోసిన వాద్యకారులు పిల్లల బూరలూ, డప్పులూ పట్టుకొని వినిపించారు. బృందనాయకుని కర్ర క్లార్కు చేతిలో ఉన్నది. శ్రోతలు కడుపుబ్బ నవ్వారు.

బ్లాక్‌బర్న్ పట్టణంలో ఒకప్పుడు టెలిఫోను ఉద్యోగినిగా పనిచేసిన క్యాథ్లీన్ ఫెరియర్ అనే గాయని 1942 డిసెంబరులో లండను శ్రోతలకు పరిచయమైనది ఈ వేదికమీదనే. పదేళ్ళు తిరగకుండానే ఆమె స్వరం ప్రపంచమంతా వినిపించింది. మోజార్ట్ పియానో కన్‌చెర్టోలన్నిటినీ ఇక్కడ వరుసగా వినిపించారు. అంతకుముందు శాంతికాలంలో కూడా లండను వాసులకు అట్టి అవకాశం అరుదు. హంఫ్రీ జెన్నింగ్స్ 1942లో తీసిన ‘లిజన్ టు బ్రిటన్’ అనే చిన్న చలనచిత్రంలో హెస్ మోజార్ట్ కన్‌చెర్టోను వైమానికదళ వాద్యబృందంతో వాయిస్తున్న దృశ్యం ఉన్నది. శ్రోతలలో రాణి ఎలిజబెత్తు ఒక కుర్చీలో కనిపిస్తుంది. చుట్టూ యూనిఫారాలు, చేతికట్లు, రొట్టె తింటున్న ఆడపిల్లలు. ఆ చిత్రంలో వ్యాఖ్యానం ఒక్క వాక్యం కూడా లేకపోవడం దర్శకుని వివేకం.

చిత్రాలు కూడా ఒక్కొక్కటిగా వెనుకకు వచ్చినవి. సంగీతం వినడానికి వచ్చిన జనాన్ని చూచి, కనీసం ఒక్క చిత్రాన్నైనా చూపరాదా అని పత్రికలలో కోరిక వెలువడగా, 1942నుంచి నెలకొక చిత్రాన్ని వేల్సు కొండ గుహలోని దాపునుంచి తెచ్చి ప్రదర్శించారు. ఆ కోరికకు ధైర్యం ఇచ్చినవి ఈ కచేరీలే అనడం అతిశయోక్తి కాదు.

1941 మే 10వ తేదీ రాత్రి క్వీన్స్ హాలు నిప్పుబాంబులకు కాలి బూడిద అయింది. ముప్ఫయినాలుగేళ్ళ క్రితం మైరా హెస్ తొలిసారి నిలిచిన వేదిక అది. ఆ మధ్యాహ్నమే అక్కడ ఎల్గార్ గానకృతి ఒకటి నిండుసభలో జరిగింది. వాద్యకారులు మరునాటి అభ్యాసంకోసం అక్కడే వదిలిపోయిన వాద్యాలు కూడా దగ్ధమైనవి. ఆ హాలును మరల కట్టలేదు. ఆ సంవత్సరమే రాజు ఆమెకు ‘డేమ్’ బిరుదునిచ్చాడు. బిరుదు వచ్చినందుకు కంటె హాలు పోయినందుకు ఆమె ఎక్కువగా కదిలిపోయి ఉంటుందని ఊహిస్తాను.

ఈ సమయంలోనే మరొక వింత జరిగింది. 1941లో లండను రేడియో, జర్మనీ ఆక్రమించిన దేశాల ప్రజలకు ధైర్యం చెప్పడానికి ‘విజయం’ అనే ఆంగ్లపదంలోని తొలి అక్షరాన్ని సంకేతంగా తీసుకొన్నది. తంతివార్తల లిపిలో ఆ అక్షరం మూడు పొట్టి ధ్వనులూ ఒక పొడుగు ధ్వనీ. బీథోవెన్ అయిదవ సింఫనీ సరిగా అట్లాగే మొదలవుతుంది. చీకటిలో రహస్యంగా రేడియో పెట్టుకొనే హాలండు, ఫ్రాన్సు, బెల్జియం ప్రజలకు ఆ నాలుగు స్వరాలే పిలుపైనవి. ఒక జర్మను స్వరకర్త వ్రాసిన నాలుగు స్వరాలు జర్మనీ నియంతకు ఎదురు నిలిచినవి. చిత్రశాలలో హెస్ చేస్తూ వచ్చిన పనీ, రేడియో చేసిన ఈ పనీ ఒక్క తత్త్వానికి చెందినవే. బీథోవెన్ ఎవరివాడన్న తగవులో నాజీలు ఓడిపోయారు.

1944 జూన్‌నుంచి మనిషి లేకుండా ఎగిరివచ్చే బాంబులు మొదలైనప్పుడు కచేరీ మళ్ళీ నేలమాళిగకు దిగింది. శబ్దం వినిపిస్తున్నంతసేపు భయం లేదు. అది ఆగితేనే ప్రమాదం, నెత్తిమీద పడుతున్నదన్నమాట. సంగీతం వింటున్న చెవులు ఆ మరొక మోతను కూడా కనిపెట్టుకొని ఉండవలసి వచ్చింది.

యుద్ధం 1945లో ముగిసింది. చిత్రాలు తిరిగివచ్చి గోడలు అడిగినవి. కచేరీలను కొనసాగించాలని హెస్ కోరుకొన్నది గాని ధర్మకర్తలకు గదులు కావలసి వచ్చినవి. 1946 ఏప్రిల్ 10న చివరి కచేరి. మొత్తం 1,698 కచేరీలు, 8,24,152 మంది శ్రోతలు. సగటున ఒక్కొక్క కచేరికి 485 మంది. తొలినాడు ప్రభుత్వం అనుమతించిన సంఖ్య రెండువందలే అన్నది గుర్తుంచుకొంటే ఈ లెక్క మరింత రుచిస్తుంది. ఆ విరమణ ఆమెకు కష్టంగా తోచింది. అయితే చిత్రశాల చిత్రాలకోసమే కదా కట్టినది. ఈ తగవులో ధర్మకర్తలను నేను తప్పుపట్టలేను.

ఆ సంవత్సరమే ఆమె ఏడేళ్ళ తరువాత అమెరికా వెళ్ళింది. నవంబరులో టోస్కనీనీ నాయకత్వాన బీథోవెన్ మూడవ కన్‌చెర్టో వాయించింది. ఈ టోస్కనీనీ ఇటలీలో ముస్సోలినీకి తల వంచనివాడు, జర్మనీలో యూదు సహోద్యోగులకు జరిగిన అన్యాయానికి నిరసనగా బైరాయిట్ ఉత్సవాన్ని 1933లో విడిచిపెట్టినవాడు. ఆ ఇద్దరు ఒకే వేదికమీద కలవడం సముచితంగా ఉన్నది. రికార్డులు చేయడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. ఎదుట మనుషులు కూర్చోకపోతే వాద్యం పలకదని ఆమె అనుభవం. అందుచేత ఆమె వాద్యాన్ని మన కాలంవారు వినగలిగినది, ఆమె వాయించినదానిలో బహుస్వల్పం. ఇది నిజంగా నష్టమే.

వయసు మీదపడి వేళ్ళు సహకరించడం మానుకొన్నవి, ఆరోగ్యం దెబ్బతిన్నది. 1961 అక్టోబరులో లండనులోని రాయల్ ఫెస్టివల్ హాలులో, ఎడ్రియన్ బోల్ట్ నాయకత్వాన, మోజార్ట్ కన్‌చెర్టో ఒకటి వాయించి వేదికనుంచి దిగింది. మళ్ళీ ఎక్కలేదు. శిష్యులకు మాత్రం చెప్పగలిగినంతకాలం చెప్పింది. స్టీఫెన్ కొవాచెవిచ్ అనే అమెరికా యువకుడు ఆమె దగ్గర నేర్చుకొని తరువాత పేరుపొందాడు. 1965 నవంబరు 25న, డెబ్భయి అయిదవయేట, ఆమె లండనులో మరణించింది.

1977లో చికాగో నగరంలో ఆమె పేరిట వారం వారం ఉచిత కచేరీలు ఆరంభమైనవి. వాటికి వేళగా మధ్యాహ్న భోజనసమయాన్నే ఎంచుకొన్నారు.